మంచి పన్ను

బయటికొచ్చిన పన్ను మరీ తెల్లగా ఉంది.

లాంగి పటకారును దీపం వెలుగులోకి ఎత్తి మళ్ళీ చూసింది. పుచ్చు లేదు, మచ్చ లేదు. లాగిన ఊపుకు వేరు మాత్రం నిలువునా చీలింది. తిరిగి పెట్టే వీలు కూడా లేదు. కుర్చీలో ముసలి తొఫాయె ఇంకా నోరు తెరుచుకునే ఉన్నాడు. ఖాళీ అయిన చోటు పక్కనే, అసలు తీయాల్సిన పుచ్చుపన్ను నల్లగా కనబడుతోంది.

“అయిపోయిందా తల్లీ?” తిమ్మిరెక్కిన మూతితో అడిగాడు తొఫాయె. “నొప్పే తెలీలేదు. నీది బంగారు చెయ్యి.”

దంతవైద్యంలో లాంగికిది ఆఖరి ఏడాది. దీవి రాజధాని ఆపియా ఆసుపత్రిలో ఆమె చేసే ప్రతి పనినీ దగ్గరుండి చూడాల్సిన డాక్టర్ ఇయెరెమియా, పక్క గదిలో ఎవరో పిల్ల ఏడుస్తుంటే అటు వెళ్ళి అప్పుడే తిరిగొచ్చారు. ఆమె చేతిలోకి చూశారు. రోగి నోట్లోకి చూశారు. ముఖంలో ఏ మార్పూ లేదు. పన్నును దూదిలో చుట్టి కోటు జేబులో వేసుకున్నారు.

“పెద్దాయనా, ఇంకోటి కూడా తీయాలి,” అన్నారు.

“రెండా? ఒకటే అన్నారుగా! మా అన్న కొడుక్కి కుటుంబ పెద్దగా బిరుదు ఇచ్చే పండగ దగ్గరికొచ్చింది. ఊరి తరఫున మాట్లాడేది నేనే. పళ్ళన్నీ ఊడబీకితే మాట్లాడనా, ఈల వెయ్యనా?”

“ముందు మీ నొప్పి పోనివ్వండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.”

పుచ్చుపన్ను డాక్టరే తీశారు. తొఫాయె బుగ్గ పట్టుకుని, వెళుతూ వెళుతూ లాంగి భుజం తట్టి వెళ్ళాడు.

“ఆయనకి చెప్పొద్దా డాక్టర్?” చేతులు కడుక్కుంటున్న ఆయన వెనక నిలబడి అడిగింది లాంగి.

“నువ్వు ఎవరికీ ఏమీ చెప్పకు.”

“కానీ తప్పు నాది...”

“లాంగీ, నోరు మూసుకుని ఇంటికి వెళ్ళు. రేపు నేను రాను. నా రోగుల్ని వేరేవాళ్ళు చూస్తారు.”

పక్క కుర్చీ దగ్గర పనిచేస్తున్న తోటి విద్యార్థిని ఫెతు అంతా గమనించింది. గేటు దాటగానే లాంగి చెయ్యి పట్టుకుంది.

“నక్క తోక తొక్కావే నువ్వు! ఆయన ఇవాళో రేపో మన కాలేజీ ప్రిన్సిపాల్ కుర్చీ ఎక్కబోయే మనిషి. తన దగ్గర మంచి పన్ను పీకారని బయటికి పొక్కనిస్తాడా? గొయ్యి తీసి పాతిపెట్టేశాడు. నువ్వెళ్ళి కెలక్కు.”

“మరి ఆ ముసలాయన?”

“తెలిసి మాత్రం ఏం చేస్తాడే, అతికించుకుంటాడా? నీ పట్టా మీద సంతకం పెట్టేది డాక్టర్. ముసలాయన కాదు.”

మొదటి ఏడాది వృత్తినీతి పాఠం చెప్పింది ఈ డాక్టరే. మన తప్పు రోగికి మన నోటివెంటే తెలియాలని ఎన్నిసార్లు అన్నారో! అది గుర్తొచ్చి లాంగికి ఒళ్ళు మండింది. అంతలోనే భయం వేసింది. ఆయనే దాస్తున్నప్పుడు తనెంత? నోరు విప్పితే తన చదువు ఇక్కడితో సరి. పైగా ఆయన పరువూ తీసినట్టవుతుంది. ఇంట్లో అమ్మ కొబ్బరిపాలు పోసి వండిన చేమదుంపని ముట్టకుండా పక్కకి నెట్టింది. బంగారు చెయ్యి అన్న మాట చెవిలో రొదపెడుతూనే ఉంది.

పొద్దున్నే ఆసుపత్రి బస్సు వదిలేసి తొఫాయె ఊరి బస్సెక్కింది. దారి పొడుగునా చెప్పాల్సిన మాటలు కూడబలుక్కుంది. దిగేసరికి ఒక్కటీ గుర్తులేదు. సన్నగా వాన మొదలైంది.

తొఫాయె ఇంటి ముందు, రోడ్డు వారగా జనం గుమిగూడారు. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. గోడల్లేని ఆ ఇంటి చుట్టూ తడికలు దించేసి ఉన్నాయి. పచ్చిక మధ్యలో, క్షమాపణ అడిగేవాళ్ళ ఆచారం ప్రకారం నిలువెల్లా మేలిచాప కప్పుకుని ఎవరో తల వంచి కూర్చున్నారు.

“ఎవరమ్మా?” పక్కనున్నావిడను అడిగింది.

“ఎవరో ఏమో. తెల్లారేసరికే వచ్చి కూర్చున్నాడు. ఏం ఘోరం చేశాడో మరి! తొఫాయె మన్నించి చాప ఎత్తేదాకా లేవకూడదు.”

“ఎత్తకపోతే?”

“ఆయన కొడుకులు కర్రలు తీసుకొస్తారు. అడ్డుపడేవాళ్ళుండరు. మా తాత కాలంలో తలలే తెగిపడేవి.”

లాంగికి ఊపిరి తిరిగొచ్చినట్టయింది. ఇంత గొడవలో పన్ను సంగతేం చెబుతుంది? ఇవాళ్టికి కుదరదు. తనొచ్చింది, కుదరలేదు, అంతే. బస్సు ఇంకా మలుపు తిరగలేదు. పరుగెడితే అందుతుంది.

అప్పుడే ఒక తడిక కొంచెం పైకి లేచింది. తొఫాయె బయటికి చూశాడు. బుగ్గ పిడికిలంత వాచి ఉంది, దానికో గుడ్డ అదుముకున్నాడు. చాప వంక చూసి, ముఖం తిప్పుకుని, తడిక దించేశాడు.

లాంగి బస్సు వైపు వెళ్ళలేదు. జనంలోంచి బయటికొచ్చి పచ్చిక మీద నడిచింది.

“ఏయ్ పిల్లా! పిచ్చా నీకు? అటెళ్ళకూడదు!” వెనక నుంచి కేకలు.

ఆమె దగ్గర చాప లేదు. కప్పుకోవడానికి ఏమీ లేదు. ఆ కూర్చున్న మనిషి పక్కనే నేల మీద కూలబడి తల వంచుకుంది. ఆ మనిషి ఏ హత్య చేసొచ్చాడో తెలియదు, అతని మీద పడే కర్ర తన మీదా పడొచ్చు. వాన పెద్దదైంది. జుట్టులోంచి నీళ్ళు కళ్ళలోకి కారుతున్నాయి. తుడుచుకోలేదు.

పక్కన చాప అంచు మెల్లగా పైకి లేచింది.

“తడిసిపోతున్నావు, లోపలికి రా లాంగీ,” అన్నారు డాక్టర్ ఇయెరెమియా.