సముద్రానికి ఒక్కటే సీటు

“ఈసారి కూడా మావాడే ఇటలీకి. కిందటేడు కుర్చీలో వాడి అంకె ఎంతో గుర్తుందిగా యాద్విగా? తొంభై ఆరు,” అంది రయీసా కంచె మీదుగా, కొడుక్కి బళ్ళో మొదటి ర్యాంకు వచ్చినట్టు. “మీ ఉల్యానాకి డెబ్భై ఏడేగా. పిల్లని బాగానే పెంచుతున్నావులే.”

యాద్విగాకి ఒళ్ళు మండిపోయింది. అణుకేంద్రం పేలినప్పుడు వచ్చిపడ్డ ఆ పాడు సీజియం విషం ఊళ్ళో అందరి ఒంట్లోనూ ఉంది. ఇక్కడి పాలు తాగి, అడవి పుట్టగొడుగులు తిన్నవాళ్ళలో ఎవరికి లేదు గనక? కానీ వేసవిలో దాతలెవరో పిల్లల్ని ఇటలీ తీసుకెళ్ళి, సముద్రం ఒడ్డున మంచి తిండి పెట్టి పంపే సీటు ఊరికి ఒక్కటే. ఒంట్లో సీజియం ఎంతుందో కొలిచే కుర్చీలో ఎవరి అంకె పెద్దదైతే వాళ్ళకి. మూడేళ్ళుగా ఆ సీటు రయీసా కొడుకు మిఖాస్‌దే. వాడు కొత్త బూట్లేసుకుని, ఎండకి కమిలిన ముక్కుతో బస్సు దిగుతుంటే యాద్విగా ఇంట్లోకెళ్ళి తలుపేసుకునేది.

ఆ వారమే బళ్ళో పిల్లలందరికీ ఆపిల్ పొడి డబ్బాలు పంచారు. రోజూ రెండు చెంచాలు నీళ్ళలో కలిపి తాగితే ఒంట్లోని సీజియాన్ని పట్టుకుని బయటికి లాక్కుపోతుంది.

యాద్విగా ఉల్యానా తెచ్చిన డబ్బా మూత తీసి చూసి, మళ్ళీ బిగించేసింది. అంకె పెంచడానికి కన్నకూతురికి పుట్టగొడుగులు పెట్టేంత పాపిష్టిది కాదు. పొడి మానిపిస్తే చాలనుకుంది. అక్కడితో ఆగినా బాగుండేది. కుళ్ళు ఆగనిస్తుందా? ఈ పొడి కూడా మిఖాస్ కడుపులోకే పోతే వాడి అంకె దిగిపోదూ అనిపించింది.

మర్నాటి నుంచి బడికెళ్ళే మిఖాస్‌ని పిలిచి గ్లాసుడు చెర్రీ జావలో ఆ పొడి కలిపి ఇవ్వడం మొదలుపెట్టింది.

“గరుగ్గా ఉందేంటి పిన్నీ?”

“బలంరా నాయనా. గడగడా తాగెయ్.”

“ఏమిటే, మావాడి మీద ఇంత ప్రేమ పుట్టుకొచ్చింది?” అని రయీసా అడిగింది కూడా.

“పిల్లలన్నాక మీ పిల్లలూ మా పిల్లలూ అని ఉంటుందా?” అంది యాద్విగా.

నెల తిరిగేసరికి నర్సు కుర్చీతో దిగింది. మొదట మిఖాస్ కూర్చున్నాడు.

“ఇరవై ఎనిమిది,” అంది నర్సు.

రయీసా మొహం మాడిపోయింది. యాద్విగా కడుపు చల్లబడింది. “పోనీలేవే. బిడ్డ ఆరోగ్యం కన్నా మనకింకేం కావాలి?” అని ఓదార్చింది కూడా.

తర్వాత పోస్టుమాస్టరు కొడుక్కి నలభై వచ్చింది. ఆఖర్న ఉల్యానా కూర్చుంది.

“ఇరవై ఆరు.”

“ఇంకోసారి చూడండమ్మా. కుర్చీ చెడిపోయిందేమో,” అంది యాద్విగా.

మళ్ళీ కొలిచినా ఇరవై ఆరే. “సంతోషించాల్సింది పోయి ఆ ఏడుపు మొహం ఏంటమ్మా? పొడి ఒక్కపూట కూడా మానకుండా తాగించినట్టున్నావు,” అని నర్సు ఇటలీ కాగితం మీద పోస్టుమాస్టరు కొడుకు పేరు రాసుకుంది.

“నేనెక్కడ తాగించాను?” అనేసి నాలిక్కరుచుకుంది యాద్విగా.

“అమ్మ కాదు,” అంది ఉల్యానా కుర్చీ దిగుతూ. “రయీసా పిన్ని రోజూ సాయంత్రం మిఖాస్ డబ్బాలోంచి కలిపిచ్చేది, మీ అమ్మకి చెప్పకు అని.”