గతుకుల లెక్క

“కొన్నవా?” కుట్టుమిషన్ మీద నుంచి తల ఎత్తకుండానే అడిగింది సరిత.

“కొన్న. యాభై,” అన్నాడు ఆమె మొగుడు జగదీశ్, ఫోన్‌ను రెండు చేతులా గట్టిగా పట్టుకుని.

గగన్‌పహాడ్‌లోని ఆ కిరాయి ఇంట్లో పొద్దున తొమ్మిదింపావు అయిందంటే చాలు, జగదీశ్ మనిషి మనిషిగా ఉండేవాడు కాదు. రెండింటికి ఎయిర్‌పోర్టు కార్గోలో డ్యూటీ ఎక్కేదాకా షేర్లే లోకం. కారణం లేకపోలేదు లెండి. శంషాబాద్ యాదయ్య తన పాత కారును నెలాఖరు దాకా ఎవరికీ అమ్మనని మాటిచ్చాడు. అరవై వేలు అడ్వాన్సుగా బయానా కడితే కారు జగదీశ్‌ది, మిగతాది వాయిదాల్లో. ఇక ఒకరి కింద మూటలు మోయక్కర్లేదు, సొంతంగా ఎయిర్‌పోర్టు కిరాయిలు కొట్టుకోవచ్చు. చేతిలో ఉన్నవి నలభై వేలు. మిగతా ఇరవై మార్కెట్ ఇవ్వాలి!

“ఈసారి ఉత్తగ కొనుడు కాదు సరితా, లెక్క ఉంది,” అన్నాడు. “రోడ్డు గతుకులుంటే బండి మెల్లగ తోలుతమా లేదా? గట్లనే. షేరు రోజుకు ఇరవై రూపాయలు ఊగుతదనుకో, యాభై కొనాలె. నలభై ఊగితే ఇరవై అయిదే. అప్పుడు ఎంత పోయినా వెయ్యికి మించి పోదు.”

“మంచిగుంది. మరి కొనకుండనే ముందుగాల అమ్మొచ్చా?”

“అమ్మొచ్చు. రేటు పడితే లాభం. మార్కెట్ బందయ్యేలోపు తిరిగి కొనాలె, అంతే.” జగదీశ్ మురిసిపోయాడు. పెళ్ళయిన పదేళ్ళలో ఆమె తన మాట ఇంత శ్రద్ధగా వినడం ఇదే మొదటిసారి.

లెక్క బంగారంలాంటిదే. ఖర్మేమిటంటే దాన్ని పాటించాల్సినవాడు జగదీశ్. షేరు కదలకుండా పడి ఉంటే అతనికి ఆవులింతలొచ్చేవి. అదే ఎగిరెగిరి పడుతుంటే ఒళ్ళు పులకరించేది.

“ఇయ్యాల ఎంత ఊగుతుంది?” అని అడిగింది సరిత ఒకరోజు.

“నలభై.”

“అయితే ఇరవై అయిదే గదా?”

“లెక్క లెక్కనే. ఇయ్యాల నా కుడికన్ను అదురుతుంది.”

“మరి ఎన్ని?”

“వంద!”

“సరే,” అంది సరిత దారం తెంపి, తన ఫోన్ కోసం చెయ్యి చాస్తూ.

పది నిమిషాలు తిరక్కుండానే ఆ షేరు, ఇతని కోసమే కాచుకున్నట్టు, జర్రున కిందికి జారింది. నాలుగు వేలు హుష్‌కాకి. మర్నాడూ అదే వరస. ఏది కొన్నాడో, ఎన్ని కొన్నాడో సరిత రోజూ అడిగేది. అడక్కుండానే ఛాయ్ ఇచ్చేది. పోయినయని చెబితే, “జర ఓపిక పట్టయ్యా,” అనేదే తప్ప ఒక్కనాడూ విసుక్కోలేదు. ఆ మంచితనం చూసి పాపం జగదీశ్, పోయినవాటిని రాబట్టాలని మర్నాడు ఇంకో పది ఎక్కువ కొనేవాడు.

నెలాఖరుకు మిగిలినవి మూడు వేల చిల్లర. జగదీశ్ ఆమె ముందు చతికిలబడ్డాడు.

“పైసలన్ని పోయినయి సరితా. కారు గోవిందా! నీ మీద ఒట్టు, ఇగ ఈ యాప్ తీసేస్తున్న.”

సరిత మిషన్ ఆపి దిగ్గున లేచింది. “తీస్తే మర్యాద దక్కదు! రేపు గూడ నువ్వు కొనాలె.”

“పిచ్చి లేసిందా ఏంది? దేంతోని కొనాలె?”

“నేనిస్త. యాదయ్యకు బయానా గూడ పొద్దుగాలనే కట్టొచ్చిన.” రసీదు తెచ్చి అతని చేతిలో పెట్టింది.

అక్షరాలా అరవై వేలు! జగదీశ్ రసీదును రెండుసార్లు చదివాడు. “నీ కుట్టుపని పైసలు పదిహేను వేలు దాటవు గదా! మిగతావి ఏడికెల్లి వచ్చినయే?”

“నువ్వు కొన్నప్పుడల్లా నేను రెండింతలు అమ్మిన.”