రీడు లేని శాక్సఫోన్

"ఆపు! అక్కడే ఆపు!" శాక్సఫోన్లు బాగుచేసే పెద్దాయన కుర్చీలోంచి లేచిపోయాడు.

డైరెక్టరు విసుగ్గా బొమ్మ ఆపాడు. నలభై ఏళ్లు బీరువాలో పడివున్న రీలు అది. శాక్సఫోన్ వాయించే వాళ్ల బాబాయి ఆఖరి కచేరీ. ఆ కచేరీ రికార్డు వినే డైరెక్టరూ, పెద్దాయనా ఇద్దరూ జాజ్ పిచ్చిలో పడ్డారు. దాన్నే ఈ డాక్యుమెంటరీకి ప్రాణంగా పెట్టాడు.

"మళ్లీ ఏమొచ్చింది మాస్టారూ? వేళ్లు పాటకి అతికినట్టు సరిపోయాయిగా!"

"వేళ్లు సరే. వాద్యం నోట్లోంచి తీశాడు, చూడు. రీడు లేదు. ఆ పలచటి బద్ద అదిరితేనే కదయ్యా శబ్దం!"

"రేపు విడుదల పెట్టుకుని దొంగ రీలంటారా?"

"రీలు నిజమే. ఊదింది ఆయన కాదు."

"మెల్లగా! వెనక పిన్ని ఉంది. ఆవిడకి ఈ సంగీతం ఒక్క ముక్క తెలీదు, కంగారుపడుతుంది."

"రీడు నేనే తీసేశాను," వెనక నుంచి పిన్ని అంది. "ఊదితే ప్రాణానికే ముప్పన్నాడు డాక్టరు. మీ బాబాయేమో స్టేజీ ఎక్కి తీరాలన్నారు."

డైరెక్టరు వెనక్కి తిరిగాడు. "మరి తెర వెనక ఊదిందెవరు పిన్నీ?"

ఆవిడ కుడిచెయ్యి శాలువా కిందికి లాక్కుంది. ఈలోగా పెద్దాయన చూడనే చూశాడు. బొటనవేలి పక్కన గట్టిగా కాయ కాసివుంది. శాక్సఫోన్ బరువు రోజూ మోసే వేలికే అలా కాస్తుంది. మానేస్తే నాలుగు నెలల్లో పోతుంది.

ఆయన మెల్లగా కూర్చున్నాడు.

"ఇప్పటికీ వాయిస్తున్నారా అమ్మా?"