నారింజ రంగు కోటు

రోబోల పోటీ హాలు గుమ్మం దగ్గరికి చేరేసరికి నట్లు, బోల్టుల షాపాయన దగ్గరున్న సరుకు రెండే రకాలు. జేబులో గుప్పెడు స్క్రూలు, ఫోన్లో కూతురు పొద్దున పెట్టిన మెసేజ్: "నాన్నా, షాపు కోటు మాత్రం వేసుకుని రాకు."

ఒంటి మీద ఆ కోటే ఉంది. నారింజ రంగుది, వీధి చివర్నుంచే కనబడుతుంది. దారిలో తీసేద్దామని గుండీ మీద చెయ్యి వేశాడు గానీ మనసొప్పలేదు. ఇన్నేళ్ళ బేరాలన్నీ దాంతోనే చేశాడు. షాపు వెనక గదిలో పిల్లలు రోబోకు బంతి వెయ్యడం నేర్పుతుంటే, నెలల తరబడి ఎదురుగా బుట్ట పట్టుకుని నిలబడ్డదీ దాంతోనే. అప్పుడు లేని చిన్నతనం ఇప్పుడెందుకొచ్చిందట?

"ఎవరి తాలూకండీ?" గేటు దగ్గర గార్డు అడిగాడు.

ఫలానా అమ్మాయి తండ్రిననబోయి, మాట మింగేశాడు. "స్క్రూలు ఇచ్చిపోదామని వచ్చాను."

"అయితే అలా వెనక నిలబడండి. కుర్చీలు తల్లిదండ్రులకి."

వెనక గోడకి ఆనుకున్నాడు. అక్కణ్ణుంచి కూతురి జడ తప్ప ఏమీ కనబడలేదు. మొహం ఒక్కసారి చూసి పోదామని ఓ అడుగు ముందుకేశాడు. ఆ తర్వాత ఇంకోటి. ఈల మోగేసరికి బరి చుట్టూ కట్టిన కంచె దగ్గరున్నాడు.

రోబో ఒడుపుగా బంతి అందుకుంది. బుట్ట వైపు సగం దూరం పోయింది. ఆగింది. గిర్రున తిరిగి కంచె వైపు పరుగు తీసింది.

"ఎటు పోతోందే ఇది!" టీములోని కళ్ళజోడు కుర్రాడు జుట్టు పీక్కున్నాడు. "పట్టుకో!"

"ముట్టుకుంటే అవుటురా!" అంది కూతురు.

రోబో షాపాయన ముందు ఆగి, చెయ్యి చాపింది. అలవాటు కొద్దీ ఆయన దోసిలి పట్టాడు. బంతి అందులో పడింది. హాలంతా గొల్లున నవ్వింది.

కూతురు పరిగెత్తుకొచ్చింది. ఆయన తల వంచుకుని గొణిగాడు. "నేనెవరో చెప్పకులే తల్లీ. స్క్రూల మనిషినని చెప్పాను."

ఈలోగా జడ్జి ఆ అమ్మాయి నోటి దగ్గర మైకు పెట్టాడు. "మీ రోబో ఇటెందుకు వచ్చింది? ఎవరీయన?"

"మా నాన్నండీ!" హాలు మారుమోగింది. "రోజూ బుట్ట పట్టుకుని నిలబడేది ఈయనే. మేం బుట్టను చూపించాం, అది ఈ కోటును నేర్చుకుంది. పొద్దున్నే కనిపెట్టాం. బుట్టదీ అదే రంగు కాబట్టి, కోటు ఎదుట లేకపోతే చాలనుకున్నాం. అసలు నువ్విక్కడేం చేస్తున్నావు నాన్నా? ఇందాకట్నుంచి అటే చూస్తున్నాను!"

ఆమె చూపించిన వైపు చూశాడు.

కప్పు పక్క టీముకు పోయింది. షాపాయనకు దక్కినవి ఒక బంతి, ముందు వరసలో రుమాలు వేసి ఆపి ఉంచిన ఒక ఖాళీ కుర్చీ.