తిప్పని పళ్లెం

మనీలా హాస్టల్లో ఇద్దరికో గది. జ్వరమొస్తే గంజి కాచిపెట్టే తోడుంటుంది, చదువుకుందామంటే నిశ్శబ్దం మాత్రం ఉండదు. పరీక్షల ముందు రోవేనా కూనిరాగాలు భరించలేక, భోజనం దగ్గరే లిగయా విసుక్కుంది.

"నీతో కన్నా కోళ్లగూట్లో ఉండడం నయమే."

"సరేలే, కోడిపెట్టా. రాత్రి ఓడకే మా ఊరెళ్తా. హాయిగా చదువుకో." రోవేనా సగంలో లేచి సంచీ అందుకుంది. గుమ్మం దగ్గర ఆగి, "పళ్లెం తిప్పవే" అంది.

భోజనం మధ్యలో ఎవరైనా ప్రయాణమైతే, తింటున్నవాళ్లు తమ పళ్లాన్ని ఒక చుట్టు తిప్పాలి. అలా తిప్పితేనే వెళ్లినవాళ్లు క్షేమంగా చేరతారని అక్కడి నమ్మకం. లిగయా చేపముళ్లు ఏరుకుంటూ తలైనా ఎత్తలేదు.

ఆ ఓడ రేవు చేరలేదు.

ఇప్పుడు గదినిండా ఆమె కోరుకున్న నిశ్శబ్దమే. రోజూ అన్నం ముందు కూర్చుని పళ్లెం తిప్పుతుంది. ఈ రాత్రీ తిప్పింది, తినలేక వదిలేసింది, దీపం ఆర్పి పడుకుంది.

చీకట్లో బల్లమీద పళ్లెం దానంతటదే గరగరమంటూ ఒక చుట్టు తిరిగి ఆగింది.

రోవేనా పడుకునే పై మంచం కిర్రుమంది. సన్నగా కూనిరాగం మొదలైంది.

"పాడవే," అంది లిగయా, కళ్లు తెరవకుండా. "ఇంకేమీ అననులే."

పైనుంచి ఒక చుక్క ఆమె పెదవి మీద పడింది. ఉప్పగా ఉంది.