పన్నెండో గుడి

"ఇది మాత్రం లెక్కలో వద్దు సార్," అన్నాడు మునిరత్నం.

అమర్‌నాథ్ టేపు చుడుతూ ఆగాడు. పురావస్తు శాఖ తరఫున పొద్దుటి నుంచి ఎర్రగుట్ట మీద సమాధులు కొలుస్తున్నాడు. నాలుగు పక్కలా బండలు నిలబెట్టి, మీద ఒకటి కప్పి, తూర్పు బండకు గుండ్రంగా కంత తొలిచిన గూళ్ళు. ఊళ్ళో వాళ్ళకు అవి పాండవుల గుళ్ళు. అమర్‌నాథ్ లెక్కన మూడు వేల ఏళ్ళ నాటి సమాధులు. పదకొండు రాసుకున్నాడు. పన్నెండోది చిన్నది. మిగతావాటికి ఎడంగా, గుట్ట అంచున ఉంది.

"ఎందుకు వద్దు?"

"ఊరికే సార్. పదకొండు సాలవా?"

గుట్టను గ్రానైట్ క్వారీకి ఇవ్వబోతుంటే అడ్డుపడి అర్జీ పెట్టింది ఈ మునిరత్నమే. పుట్టినప్పటి నుంచి బండలు కొట్టిన మనిషి. నిరుటి దాకా క్వారీ కూలికే పోయేవాడట. అలాంటివాడు క్వారీ వద్దనడం అమర్‌నాథ్‌కు వింతగానే తోచింది. రేపు కమిటీ వస్తుంది. సమాధులు పాతవని వాళ్ళకు నమ్మకం కుదిరితే గుట్ట నిలుస్తుంది. లేదంటే వచ్చే వారమే మందు పెట్టి పేలుస్తారు.

పొద్దున దారి చూపించింది కూడా అతనే. "అప్పుటోళ్ళు నిప్పు రాజేసి, కాలినంక నీళ్ళు కొట్టి బండ లేపినారు సార్. యాడన్నా ఉలి దెబ్బ ఉండాదేమో సూడండి," అంటూ ఒక్కో బండనూ అరచేత్తో తడిమి చూపించాడు. భుజాన ఒక గుడ్డమూట వేలాడుతోంది.

"ఏముంది అందులో?"

"సంగటి సార్, నంజుకోను ఊరిబిండి. రెండు ముద్దలు. ఒకటి నాకు, ఒకటి మా ఆడమనిషికి."

"ఆమె కూడా వచ్చిందా?"

"వరలక్ష్మమ్మ ఈడనే ఉంటాది సార్, పొద్దంతా. ఆమెకు పెట్టందే నేను తినను."

అవతలి వాలులో ఎవరివో మేకలు మేస్తున్నాయి. అమర్‌నాథ్ అటు చూసి తలాడించాడు.

ఇప్పుడు పన్నెండో గుడి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కప్పుబండ అంచున వరసగా ఉలి గాట్లు. రాతి మీద పాచి లేదు. కంత తూర్పుకు లేదు, పడమటికి ఉంది.

"ఇది నువ్వు కట్టిందే కదా?"

మునిరత్నం తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు.

"ఎప్పుడు కట్టావు?"

"నిరుడు సార్. వానలకు ముందర."

"బాగుంది. దొంగపని కూడా సరిగ్గా చేతకాలేదే నీకు. పదకొండింటికీ కంత తూర్పుకుంటే దీనికి ఊరివైపు పెట్టావు."

"తెలిసే పెట్టినాను."

"పదకొండు చాలవనుకున్నావా పెద్దాయనా? రేపు క్వారీ వాళ్ళ లాయరు మొదట దీని మీదే చెయ్యి పెడతాడు. ఒకటి దొంగదైతే అన్నీ దొంగవే అంటాడు. నీ చేతులతో నువ్వే గుట్టను వాళ్ళకు అప్పజెప్పినట్టు."

"నేనే కట్టినానని రాసుకోండి సార్. పట్టుకపోతే నన్ను పట్టుకపోనీ. ఆ పదకొండు ఏం పాపం చేసినాయి?"

"రాస్తే సరిపోదు. పొద్దుగూకేలోగా ఇది ఇక్కడ ఉండకూడదు. ఉంటే నేను సంతకం పెట్టను."

అమర్‌నాథ్ జీపు దాకా వెళ్ళి గడ్డపార తెచ్చి అతని ముందు పడేశాడు. మునిరత్నం దానివైపు చూశాడు. ముట్టుకోలేదు.

"తీసేదానికి నాకు చేతులు రావు సార్."

"కట్టేటప్పుడు వచ్చాయి కదా."

"అప్పుడు తప్పలేదు."

అమర్‌నాథ్‌కు విసుగెత్తింది. మంచి కోరి చెబుతుంటే వినడేం ఈ మనిషి? తనే చొక్కా చేతులు మడిచాడు.

"పైబండ ఒక్కటి తోస్తే మిగతావి అవే పడతాయి. నీ ఒక్కడివల్ల కాదంటే మీ ఆమెను పిలువు. ముగ్గురం ఒక పట్టు పడదాం."

మునిరత్నం సంగటి మూట దించి కంత పక్కన పెట్టాడు. కింద ఊళ్ళో అతని రేకుల ఇల్లు ఆ కంతకు సూటిగా కనబడుతోంది.

"పిలవమంటుంటే," అన్నాడు అమర్‌నాథ్, గడ్డపార ఎత్తుతూ.

వరలక్ష్మమ్మ ఆ బండ కిందే ఉంది.