మొండితోకకు భయం నేర్పిన రోజు

భయం నేర్పినవాళ్ళు మనకు మేలు చేసినట్టా, కీడు చేసినట్టా? ఎన్నేళ్ళుగానో ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు.

వేటాడే జంతువే లేని ఓ దీవిలో తరతరాలుగా బతికిన తొండలు పారిపోవడమే మరిచిపోయాయి. ఈమధ్య ఓడల్లోంచి అక్కడ పిల్లులు దిగాయి. మిగిలిన కాసిని తొండల్నీ మా ప్రయోగశాలకు తెచ్చి, భయం నేర్పి, మళ్ళీ దీవిలో వదులుతున్నాం. ఆ నేర్పే పని నాది.

అన్నీ నేర్చుకున్నాయి, తోక తెగినందుకు నేను మొండితోక అని పిలిచే ఒక్కటి తప్ప. గాజుపెట్టె మూత తీస్తే చాలు, వెచ్చదనం కోసం నా అరచేతిలోకి ఎక్కి కళ్ళు మూసుకునేది.

"దీన్ని ఉంచేసుకోండి మేడమ్. మీ ఇంట్లో మిమ్మల్ని పలకరించే ప్రాణి ఒకటైనా ఉంటుంది," అంది గాజుపెట్టెలు కడిగే ఆవిడ.

ఉంచుకోవాలనే ఉంది. కానీ గాజుపెట్టెలో బతుకూ ఒక బతుకేనా? పిల్లిబొచ్చు అంటించిన తొడుగు వేసుకుని మొండితోకను ఇసుకలోకి అదిమిపట్టాను. గిలగిల్లాడింది. వదిలేసి, తొడుగు తీసి, వట్టి చెయ్యి చాచాను. రివ్వున రాతి వెనక్కి దూరింది. ఎంతసేపు పిలిచినా రాలేదు.

"పాసైపోయింది!" అని ఆవిడ చప్పట్లు కొట్టింది.

ఇంటికి చేరేసరికి అమ్మ ఫోన్. "నలభై దాటాయి. ఎవర్నీ దగ్గరికి రానివ్వవేమే?"

చిన్నప్పుడు ఎవరు నన్ను నవ్వుతూ పలకరించినా, నా జబ్బ పట్టుకుని లోపలికి ఈడ్చుకెళ్ళిన అమ్మే ఇలా అడుగుతోంది.

రేపు పడవెక్కబోయే మొండితోక గుర్తొచ్చింది. అమ్మ నన్ను కాపాడిందో, ఒంటరిదాన్ని చేసిందో, నాకింకా తేలలేదు.